ఆధారం గడిలో సార్ పేరు

మా బోటనీ సార్ పోయి రెండు వారాలైంది. పొద్దున్నే స్నానానికని లేచి, బాత్రూము గుమ్మంలోనే కూలబడిపోయారట. మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు చూసేసరికి నేను స్టాఫ్ రూములో కూర్చుని వీక్లీ టెస్టు పేపర్లు దిద్దుకుంటున్నాను. చూస్తుండగానే దండం పెట్టే చేతుల బొమ్మలు వరసకట్టాయి. 'మహానుభావుడు' అన్నారొకరు. 'అంత నిజాయితీ గల మనిషిని మళ్ళీ చూడం' అన్నారింకొకరు. నేను 'ఓం శాంతి' అని కొట్టి, పంపకుండా చెరిపేశాను.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. ఆయన గురించి చెప్పాల్సిన మంచి చాలానే ఉంది. కానీ ఆ 'నిజాయితీ' అన్న మాట దగ్గర నా గొంతులో ముల్లు అడ్డం పడింది. అది తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

విజయవాడలో ఇంటర్ చదివినవాళ్ళకి మా కాలేజీ ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఒకటే భవనం, కింద క్లాసులు, పైన హాస్టలు. తెల్లారకముందే స్టడీ అవరు. ప్రతి ఆదివారం టెస్టు, ఆ మార్కుల్ని బట్టి సెక్షన్లు మారేవి. అక్కడ చాలామంది లెక్చరర్లు పాఠాన్ని ప్రశ్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి చెప్పేవారు. ఇది పెడితే నాలుగు మార్కులు, అది పెడితే మైనస్ ఒకటి, అంతే. మా బోటనీ సార్ మాత్రం ముందు నుంచి చెప్పేవారు.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, బుగ్గన లవంగం. సుద్దముక్క పొడి పడదని దానికి కాగితం చుట్టి పట్టుకునేవారు. బోర్డు మీద బొమ్మ వేశాక రెండడుగులు వెనక్కి వేసి, ఎవరో వేసిన బొమ్మని చూసినట్టు చూసి, "అయితే ఏంటంట?" అనేవారు. మాలో ఎవరో ఒకరు "ఏంటి సార్?" అని అడిగేదాకా పాఠం కదిలేది కాదు. ఎవరైనా పుస్తకంలో వాక్యం గడగడా అప్పజెబితే, "చదివింది సరేనమ్మా, చూసింది చెప్పు" అనేవారు. ఒకసారి నాకు జ్వరమొచ్చి మెస్సులో అన్నం సహించకపోతే, వాళ్ళావిడ చేత చారన్నం కలిపించి డబ్బాలో పెట్టి తెచ్చారు. వార్డెన్ బయటి తిండి కుదరదంటే, "ఇది తిండి కాదండీ, మందు" అని లోపలికి పంపించారు.

నేను హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక ఊరి నుంచి వెళ్ళినదాన్ని. మా నాన్న చేపల చెరువుల నుంచి సరుకు తోలే వ్యాను డ్రైవరు. నా పెట్టె తెరిస్తే చేపల వాసన వస్తోందని రూములో పిల్లలు ముక్కు మూసుకునేవారు. నిజంగా వచ్చేదో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నాన్న ఏం చేస్తారని ఎవరడిగినా 'ట్రాన్స్‌పోర్టు' అని తేల్చేసేదాన్ని.

ఒకరోజు హాజరు పిలుస్తూ సార్ అదే అడిగారు. నేనూ అదే చెప్పాను.

"ట్రాన్స్‌పోర్టంటే? లారీనా, బస్సా?"

"వ్యానండి. చేపల వ్యాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సార్ అటు చూడలేదు.

"లోడు లేనిరోజు మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"జంక్షన్లో బండి ఆపుకుని, స్టీరింగ్ మీద తల వాల్చి పడుకుంటారండి. చెరువు కాడ్నుంచి ఫోనొస్తే లేస్తారు."

"ఊరికే తిరగరూ?"

"ఊరికే తిరిగితే డీజిల్ దండగ కదండీ."

సార్ రిజిస్టరు మూసేశారు. "అద్దీ! రాత్రంతా ఈ పాఠం ఎట్లా చెప్పాలా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఈ అమ్మాయి చెప్పేసింది" అన్నారు.

ఆ రోజు పాఠం కణంలో సరుకు రవాణా. మన ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నటి గొట్టాలు దారుల్లాగా పరుచుకుని ఉంటాయట. వాటి మీద కొన్ని ప్రోటీన్లు రెండు కాళ్ళతో అడుగులో అడుగు వేసుకుంటూ సరుకు మోస్తాయట. మధ్య నుంచి అంచుకి తోలేది కైనెసిన్, అంచు నుంచి మధ్యకి తెచ్చేది డైనీన్. వెన్నులో మొదలై కాలి బొటనవేలి దాకా సాగే నరంలో ఒక్కో మూట చేరడానికి రోజులు పడుతుందట. ఇంతవరకూ ఏ సారైనా చెబుతాడు. మా సార్ వెనక్కి జరిగి, "అయితే ఏంటంట? సరుకు లేనప్పుడు ఇవి ఏం చేస్తాయంట?" అన్నారు.

"ఏం చేస్తాయి సార్?" అన్నారెవరో. ఆయన బల్ల పక్కకొచ్చి, నడుము దగ్గర వంగి, రెండు చేతులతో తన రెండు పాదాలూ పట్టుకున్నారు. క్లాసంతా ఘొల్లుమంది. ఆయన అలాగే తలకిందులుగా మాట్లాడారు.

"నవ్వండి, నవ్వండి. సరుకు పట్టుకోవాల్సిన చేతులివి. సరుకు లేనప్పుడు ఇవి ఏం చేస్తున్నాయి? నా కాళ్ళనే పట్టుకున్నాయి. ఇప్పుడు నేను నడవగలనా? ఒంట్లో శక్తుంది, కింద దారుంది, అయినా నడవలేను. ఈ బండికి బ్రేకు బయట లేదు నాయనా, దాని చేతుల్లోనే ఉంది. ఏమ్మా హనుమాన్ జంక్షన్, ఆ రిజిస్టరు తెచ్చి నా చేతుల్లో పెట్టు."

వెళ్ళి పెట్టాను. రిజిస్టరు అందుకోవాలంటే ఆయన కాళ్ళు వదలక తప్పలేదు. నిటారుగా లేచి, రిజిస్టరు రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ గది ఆ చివరిదాకా నడిచారు. ఏ సరుకు ఏ బండికి ఎక్కాలో చూసి తగిలించడానికి మధ్యలో వేరే ప్రోటీన్లుంటాయనీ, అవి లారీ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాల్లాంటివనీ చెప్పారు. బళ్ళన్నీ ఖాళీగా తిరిగితే అన్నీ పోయి ఒకే చివర పోగుపడతాయనీ, అప్పుడు కణం చస్తుందనీ చెప్పారు. "ఖాళీగా తిరిగేవాడు బలాదూరు. జంక్షన్లో స్టీరింగ్ మీద పడుకున్నాడే, ఆయన డ్రైవరంటే" అన్నారు.

ఆ మధ్యాహ్నం నుంచి రూములో ఎవరూ వాసన మాటెత్తలేదు. 'కైనెసిన్ వాళ్ళమ్మాయి' అని పేరు పెట్టారు. నా పదహారేళ్ళ బతుకులో మా నాన్న గురించి గర్వంగా తలెత్తుకున్న మొదటి రోజు అది. నాన్న ఈసారి చూడటానికొచ్చినప్పుడు చెప్పాలని, ఆ మాట ఎవరికీ ఇవ్వని మిఠాయిలా దాచుకున్నాను.

మూడో ఆదివారం టెస్టులో ఆ ప్రశ్న వచ్చింది. కణంలో కైనెసిన్ నడవాలంటే ఏం కావాలి? శక్తి ఉంటే చాలు అన్నది ఒకటి. శక్తితో పాటు సరుకు కూడా తగలాలన్నది రెండు. నేను కళ్ళు మూసుకుని రెండు పెట్టాను. కీలో ఒకటి అని వచ్చింది. ఆ నాలుగూ పోయి, పైన ఒకటి కోసేసరికి, పై సెక్షనులో ఉండాల్సిన మార్కుకి కొద్దిలో తగ్గాను.

కీ తప్పనుకుంటే ఆబ్జెక్షన్ ఫారం రాసివ్వొచ్చు. అందులో 'ఆధారం' అని ఒక గడి ఉండేది. అక్కడ పుస్తకం పేరు, పేజీ నంబరు రాయాలి. నేనేం చేశానంటే, ఆ గడిలో మా బోటనీ సార్ పేరు రాశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అంతకంటే పెద్ద ఆధారం ప్రపంచంలో ఉంటుందని తోచలేదు. ఆ పేపరు తయారుచేసింది స్వయంగా మా డీన్ గారని కూడా నాకు తెలియదు.

రెండు రోజులకి డీన్ గారి గదికి పిలుపొచ్చింది. అక్కడ మా నాన్న ఉన్నారు. ఫోను చేసి రమ్మన్నారట, బండి జంక్షన్లోనే వదిలేసి బస్సులో వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా బోటనీ సార్ కిటికీ పక్కన ఉన్నారు.

"ఆధారం రాయమంటే లెక్చరర్ పేరు రాసిందండీ మీ అమ్మాయి" అన్నారు డీన్ గారు నాన్నతో. తర్వాత సార్ వైపు తిరిగి, "ఏమండీ, మీరు చెప్పారా ఇట్లా?" అని అడిగారు.

సార్ లవంగం ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చుకున్నారు.

"లేదండీ. నేనట్లా చెప్పలేదు. కీ కరెక్టేనండి."

సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "సార్, చెప్పారు కదా సార్. లోడు లేకపోతే హనుమాన్ జంక్షన్లో డ్రైవరు స్టీరింగ్ మీద తల వాల్చి పడుకుంటాడని చెప్పలేదా? మీ చేతుల్లో రిజిస్టరు పెట్టింది నేనే కదా సార్?"

ఆయన నన్ను చూడలేదు. డీన్ గారిని చూసి చిన్నగా నవ్వారు. "క్లాసులో హనుమాన్ జంక్షన్ ఏంటమ్మా?" అన్నారు. డీన్ గారు కూడా నవ్వారు.

అరవైమంది విన్న పాఠం. ఒక్కరిని పిలిచి అడిగిన పాపాన పోలేదు. మా నాన్న నా భుజం మీద చెయ్యి వేశారు. "సారుకి సారీ చెప్పమ్మా. పెద్దాళ్ళతో వాదం వద్దు" అన్నారు. చెప్పాను. ఆ పాఠం ఎవరి గురించి చెప్పారో ఆయన పక్కనే నిలబడి, ఆ పాఠం చెప్పినాయనకి, నేను అబద్ధమాడానని ఒప్పుకుని సారీ చెప్పాను. "పర్లేదు, పర్లేదు" అన్నారు మా సార్.

గేటు దాకా నాన్న వెంట నడిచాను. మిఠాయిలా దాచుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సారే కాదన్నాక, నేను చెబితే ఎవరు నమ్ముతారు? తర్వాతి వారం నన్ను కింది సెక్షనుకి మార్చారు. అక్కడ మా సార్ క్లాసు లేదు. ఆ ఐదు మార్కులు పోవడం వల్లే నేను డాక్టరు కాలేకపోయానని అననుగాక అనను. నాకు అంత సరుకు ఉందో లేదో. కీ కరెక్టన్నందుకు కూడా కాదు నా కోపం. ఒకరోజు అరవైమంది ముందు మా నాన్నని నాకిచ్చారు. ఇంకోరోజు ఇద్దరి ముందు ఆ చేత్తోనే తీసేసుకున్నారు.

పద్దెనిమిదేళ్ళు గడిచాయి. బోటనీలోనే ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు విజయవాడలోనే ఇంకో కాలేజీలో అదే సబ్జెక్టు చెబుతున్నాను. ఆయన పాఠాల వల్లే అది నాకు ఇష్టమైంది, ఆ మాట దాచను. నాలుగేళ్ళ కిందట ఏలూరు బస్సులో ఆయన నా పక్క సీట్లోకే వచ్చారు. అప్పటికి రిటైరయ్యారు. గుర్తుపట్టారు. జేబులోంచి లవంగం తీసిచ్చారు.

"ఏం చెబుతున్నావమ్మా ఇప్పుడు?"

"సెల్ బయాలజీ సార్."

"మంచిది, మంచిది."

గన్నవరం దాటింది. ఆయన ఎండల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడారు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. హనుమాన్ జంక్షన్లో బస్సు ఆగింది. రోడ్డు పక్కన చేపల వ్యాన్లు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో ఎవరో స్టీరింగ్ మీద తల వాల్చి పడుకున్నాడు కూడా. సార్ కిటికీలోంచి అటే చూశారు. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అనుకున్నాను.

"బళ్ళు బాగా ఎక్కువైనాయమ్మా" అన్నారు.

నేను దిగిపోయాను. ఆ లవంగం నమలకుండానే పారేశాను.

పెద్దకర్మకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాలనే అనుకున్నాను, కాళ్ళు ఆగలేదు. పెనమలూరు దగ్గర చిన్న ఇల్లు. మాది హనుమాన్ జంక్షన్ దగ్గరని చెప్పగానే సార్ భార్య నా చెయ్యి పట్టుకుని మొహంలోకి చూసి, "నువ్వు చేపల వ్యాను అమ్మాయివి కదూ?" అన్నారు. అవునన్నట్టు తలూపాను.

"మీ నాన్నగారు స్టీరింగ్ మీద తల పెట్టుకుని పడుకుంటారట కదమ్మా. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పారు. 'పిల్ల నిజమే రాసింది, నేనే కాదన్నాను' అన్నారు. అంతకుముందు చేసినచోట పేపరు తప్పని అన్నందుకే తీసేశారమ్మా. ఇక్కడ చేరి అప్పటికి మూడు నెల్లు. భయపడ్డారు."

భయం నాకు అర్థమవుతుంది. నేనూ ఉద్యోగస్థురాలినే. కానీ ఇంట్లో చెప్పుకున్నారట, ఇంట్లో! అన్నం కంచానికి చెప్పమని ఎవరు అడిగారు ఆ నిజం? చెప్పాల్సిన గదిలో చెప్పలేదు, సరే. ఏలూరు బస్సులో ఏ డీను కూర్చున్నాడు? ఆ మాట ఆవిడతో అనలేదు. ఏడుస్తున్న మనిషితో ఏమంటాం?

వరండాలో నాకు కాఫీ ఇచ్చిన అమ్మాయి కూడా సార్ స్టూడెంటే. మా తర్వాత చాలా బ్యాచుల కిందిది. ఇప్పుడు హౌస్ సర్జన్ చేస్తోంది. సార్ పాఠాల గురించి మురిసిపోతూ చెబుతుంటే ఆగలేక అడిగాను.

"కైనెసిన్ పాఠం ఎట్లా చెప్పేవారు?"

"భలే ఈజీగా చెప్పేవారు మేడమ్. బయటికి కైనెసిన్, లోపలికి డైనీన్, శక్తి ఉంటే చాలు. మూడు ముక్కలు."

కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి, ఆ వరండాలోనే, చీర కుచ్చిళ్ళు తొక్కుకుంటూ వంగి నా పాదాలు నేను పట్టుకున్నాను. "ఇట్లా చూపించేవారు కాదూ?"

ఆ అమ్మాయి కంగారుపడిపోయింది. "లేదు మేడమ్. ఏమైంది మేడమ్, కళ్ళు తిరుగుతున్నాయా?"

అంటే ఆ తర్వాత ఆయన ఆ పాఠం అలా చెప్పడమే మానేశారు. నన్ను కాదనడం ఒక్క పూట పని. దాన్ని మాత్రం రిటైరయ్యేదాకా ఏడాదికోసారి కాదంటూనే వచ్చారన్నమాట.

అక్కణ్ణుంచి నేరుగా ఊరెళ్ళాను. నాన్న ఇప్పుడు వ్యాను నడపడం లేదు. అరుగు మీద కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నారు. మొత్తం చెప్పాను, క్లాసులో వంగిన దగ్గర్నుంచి సార్ భార్య మాట దాకా. 'నేను ఆ రోజు అబద్ధం చెప్పలేదు నాన్నా' అన్నాను.

నాన్న దారం పంటితో తెంపారు.

"ఆ రోజే తెలుసులేమ్మా. స్టీరింగ్ మీద పడుకునేది నేనేగా. ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది."

"తెలిసీ నాచేత సారీ చెప్పించావా?"

"ఎవరో ఒకళ్ళు వంగాలి గదమ్మా. ఆయన వంగేట్టు లేడు. నేను వంగితే వాళ్ళకి చాలలా. నిన్ను పంపించేస్తారేమోనని భయమేసింది."

మళ్ళీ ఆయనే, "నా గురించి పాఠం చెప్పాడా! అంతమందిలో?" అన్నారు. ఆ మొహంలో వెలుగు చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. పద్దెనిమిదేళ్ళ కిందట గేటు దగ్గర చూడాల్సిన వెలుగు అది. సారుకి తెలుసు, నాన్నకి తెలుసు. అబద్ధాలకోరునని అనిపించుకుని నిలబడ్డది నేనొక్కదాన్నే. నాన్న నా మంచికే చేశారు కాబోలు. ఆ మంచి నాకు ఇప్పటికీ అరగలేదు.

ఇక్కడితో ఆపేస్తే నేనూ ఆయనలాగే సగం చెప్పినదాన్నవుతాను. మిగతా సగం ఇది. ఇన్నేళ్ళుగా నా క్లాసులో నేనూ కీ ప్రకారమే చెబుతున్నాను. ఆ పాత ప్రశ్న చేతులు మారి మా కాలేజీ ప్రశ్నల్లోనూ ఉంది, పక్కన అదే జవాబుతో. ప్రతి ఏడాదీ ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి సార్‌ని మనసులో తిట్టుకునేదాన్ని, తిట్టుకుంటూనే 'శక్తి ఉంటే చాలు' అని బోర్డు మీద రాసేదాన్ని.

మొన్న సోమవారం ఆ పాఠం మళ్ళీ వచ్చింది. బల్ల పక్కకొచ్చి, వంగి, నా పాదాలు పట్టుకున్నాను. క్లాసు ఘొల్లుమంది. ముందు బెంచీలో అమ్మాయిని పిలిచి నా చేతుల్లో రిజిస్టరు పెట్టించుకున్నాను. లేచి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాను. జంక్షన్లో స్టీరింగ్ మీద తల వాల్చి పడుకునే డ్రైవరు గురించి చెప్పాను. ఆయన మా నాన్న అని చెప్పాను. ఇది నాకు మా సార్ చెప్పారని కూడా చెప్పాను.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "కీలో ఇంకోలా ఉంది కదా మేడమ్. ఆబ్జెక్షన్ రాస్తే ఆధారం దగ్గర ఏం రాయాలి?"

"నా పేరు రాయి" అన్నాను.

అంతే సార్. మూడు మాటలు. బుగ్గన లవంగం ఉండగానే అనేయొచ్చు.

ఆ అమ్మాయి తల వంచుకుని నోట్సు అంచున నా పేరు రాసుకుంటోంది. రిజిస్టరు ఇంకా నా రెండు చేతుల్లోనే ఉంది.